పప్పు త్వరగా ఉడికే నీళ్ళు

ప్రశ్న: మా పుట్టిల్లు హిందూపురం, అత్తవారి ఊరు బాగేపల్లి దగ్గర పల్లె. ఆరేళ్ళు బెంగళూరు మారతహళ్ళిలో అద్దె ఇంట్లో ఉండి కావేరి నీళ్ళు తాగాం. కిందటి ఏడాది హోసకోటె అవతల ఒక లేఅవుట్‌లో ఇల్లు కట్టుకున్నాం. ఇక్కడికి ఇంకా కావేరి రాలేదు, మురుగు కాలువలూ లేవు. అందరికీ ఒకటే బోరు, 900 అడుగులు. నీళ్ళు ఉప్పగా ఉంటాయి, గిన్నెలకు తెల్లగా గార పడుతుంది, పప్పు ఎంతకీ ఉడకదు. ఫిల్టర్లు అమ్మే ఒకాయన వచ్చి పెన్నులాంటి మీటరు ముంచితే 730 చూపించింది. తర్వాత గ్లాసులో రెండు చువ్వలు పెట్టి కరెంటు ఇస్తే నీళ్ళు ఎర్రటి బురదలా మారాయి. భయంతో నిద్ర పట్టలేదు. నాకిప్పుడు ఆరో నెల. మా అత్తగారు ఊరి బోరు నీళ్ళు వారానికి నాలుగు క్యాన్లు పంపిస్తానంటున్నారు. ఆ నీళ్ళు నిజంగానే తియ్యగా ఉంటాయి, పప్పు పది నిమిషాల్లో ఉడుకుతుంది. మావారు రెండు చోట్ల నీళ్ళూ పరీక్ష చేయించారు, నివేదికలు పంపుతున్నాను. నేనూ, పుట్టబోయే బిడ్డా ఏ నీళ్ళు తాగాలి? ఇంకొక మాట. మావారి పళ్ళ మీద చిన్నప్పటి నుంచీ గోధుమరంగు చారలున్నాయి, మామగారు ఈ మధ్య మెడ తిప్పలేకపోతున్నారు. అవి నీళ్ళవల్ల కాదు కదా? – ఒక సోదరి, హోసకోటె

జవాబు: అమ్మా, ముందు తొందరగా చెప్పాల్సింది చెబుతాను. అత్తగారి క్యాన్లు రానివ్వకండి. అలాగని మీ కొళాయి నీళ్ళు కూడా ఇప్పుడున్నట్టుగా తాగకండి. రెంటిలోనూ దోషం ఉంది: మీ బోరులో నైట్రేట్ ఎక్కువ, ఊరి బోరులో ఫ్లోరైడ్ ఎక్కువ. ఒకదాని దోషానికీ రెండోదాని దోషానికీ పోలికే లేదు. ఇంట్లో సరైన ఏర్పాటు జరిగేదాకా మారతహళ్ళిలో మీకు తెలిసినవాళ్ళ ఇంటి నుంచి కావేరి నీళ్ళు పట్టి తెచ్చుకోండి. తాగడానికీ వంటకీ మీ ఇంటికి రోజుకు 20 లీటర్లు చాలు. ఇన్నాళ్ళూ తాగేశామే అని బెంగ పెట్టుకోకండి. ఈ రెండు దోషాల్లో పెద్దవాళ్ళకు ఒక్కరోజులో కీడు చేసేది ఏదీ లేదు. పండుగకు ఊరెళ్ళి నాలుగు రోజులు ఆ నీళ్ళు తాగినా ఏమీ కాదు. ఏళ్ళ తరబడి రోజూ తాగితేనే ప్రమాదం. నైట్రేట్ విషయంలో మాత్రం పసిబిడ్డకు ఈ మాట వర్తించదు, అది కింద చెబుతాను.

ఆ ఎర్రటి బురద గురించి ఒక్క నిమిషం, ఎందుకంటే మీ నిద్ర చెడగొట్టింది అదే. అది మీ నీళ్ళలోంచి రాలేదు. చువ్వల్లోంచి వచ్చింది. వాటిలో ఒకటి ఇనుముది. లవణాలున్న నీళ్ళలో కరెంటు పారుతుంది, ఇనుము కరుగుతుంది, తుప్పు తేలుతుంది. ఆయన ఫిల్టరు నీళ్ళలో లవణాలు తక్కువ కనుక కరెంటు పారదు, నీళ్ళు తేటగా ఉండిపోతాయి. మళ్ళీ వస్తే ఆ తేట నీళ్ళలో మీ వంటింటి ఉప్పు చిటికెడు వేసి అదే చువ్వలు పెట్టమనండి. అవీ ఎర్రబడతాయి. పేగుల్లోకి పోతున్న విషం ఇదేనని ఒక గర్భవతిని భయపెట్టి సరుకు అమ్ముకోవడం నాకు చాలా కోపం తెప్పించే పని. ముప్పై ఏళ్ళు నీటి పరీక్షలు చేసినదాన్ని కాబట్టి ఈ మాట గట్టిగానే అంటున్నాను.

పెన్ను మీటరు అబద్ధం చెప్పలేదు, కానీ దానికి తెలిసిందే కొంచెం. నీళ్ళలో కరెంటు ఎంత బాగా పారుతుందో చూసి, కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుంది. దాన్నే టీడీఎస్ అంటున్నారు. ఆ లవణాల్లో ఏది ఎంతో దానికి తెలియదు. సంతలో సంచి తూకం చూసి లోపల బియ్యమా, ఇసుకా అని చెప్పమన్నట్టు ఉంటుంది. మీ రెండు నివేదికలే దీనికి సాక్ష్యం. హోసకోటె నీళ్ళ టీడీఎస్ 730, ఊరి నీళ్ళది 630. పెన్ను లెక్కన ఊరి నీళ్ళే మేలు. ఎముకల మాటకొస్తే మాత్రం ఊరి నీళ్ళే ఎక్కువ ప్రమాదం.

అంకెల్లోకి వెళ్ళేముందు, ఎవరి చేతికి ఏ నివేదిక వచ్చినా నేను ముందు చేసే పని ఒకటుంది. అందులోని అంకెలు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయా అని చూస్తాను. కాల్షియాన్ని 2.5తో, మెగ్నీషియాన్ని 4.1తో గుణించి కలిపితే కాఠిన్యం, అంటే నీళ్ళ గట్టితనం, రావాలి. హోసకోటె నివేదికలో కాల్షియం 96, మెగ్నీషియం 41. లెక్క వేస్తే 408, నివేదికలోనూ 408 ఉంది. ఊరి నివేదికలో 20, 17 అంకెలకు సుమారు 120 వస్తుంది, అదీ సరిపోయింది. విద్యుద్వాహకతను, అంటే నీళ్ళలో కరెంటు ఎంత బాగా పారుతుందో చెప్పే అంకెను, 0.65తో గుణిస్తే టీడీఎస్‌కు దగ్గరగా రావాలి. ఊరి నీళ్ళకు 970 రాశారు, లెక్కకు 630 వస్తుంది. కాబట్టి పరీక్ష నిజంగానే చేశారని నమ్మవచ్చు. ఈ చిన్న గుణకారాలకు నిలబడని నివేదికలు నేను చాలా చూశాను.

ఇప్పుడు హోసకోటె నీళ్ళు. మిమ్మల్ని విసిగిస్తున్న గార, ఉడకని పప్పు, నురగ రాని సబ్బు, ఇవన్నీ కాఠిన్యం పనులు. భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి పెట్టిన ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు ఉంటే మంచిది, వేరే నీళ్ళు లేనిచోట 600 దాకా ఓర్చుకోవచ్చు. మీది 408. ఇది చిరాకే తప్ప ప్రమాదం కాదు. మూత్రపిండాల్లో రాళ్ళు దీనివల్లే వస్తాయని అందరూ అంటారు కానీ అందుకు గట్టి రుజువు లేదు. ఆ కాల్షియం శరీరానికి పనికొచ్చేదే. కంటికి కనిపించే ఈ తెల్లటి గారను చూసి మీరు భయపడ్డారు. భయపడాల్సింది కంటికి కనిపించని, రుచి తెలియని, వాసన లేని నైట్రేట్‌కు. మీ నివేదికలో అది 98. పరిమితి 45. మిగతా చాలావాటికి ‘వేరే నీళ్ళు లేకపోతే ఇంతవరకు పరవాలేదు’ అనే సడలింపు ఉంటుంది, నైట్రేట్‌కు ఆ సడలింపు కూడా లేదు.

ఇది ఎక్కడ నుంచి వచ్చిందో మీ ఉత్తరంలోనే ఉంది: ‘మురుగు కాలువలూ లేవు’. ప్రతి ఇంటికీ మరుగుదొడ్డి గుంత, దాని నుంచి ఇంకే నీళ్ళు. మలమూత్రాల్లోని నత్రజని మట్టిలో సూక్ష్మజీవుల చేతిలో పడి నైట్రేట్‌గా మారుతుంది. తక్కిన మాలిన్యాల్లో చాలావాటిని మట్టి పట్టి ఉంచుకుంటుంది. నైట్రేట్‌ను పట్టలేదు, నీటితో పాటు అది నేరుగా కిందికి దిగిపోతుంది. లేఅవుట్ రాకముందు అక్కడ ద్రాక్షతోటో కూరగాయల మడో ఉండి ఉంటే, అప్పటి యూరియా, కోళ్ళ ఎరువు మిగిల్చింది కూడా ఇందులో కలిసి ఉంటుంది. 900 అడుగుల లోతు బోరులోకి పైనీళ్ళు ఎలా వచ్చాయని మీవారు అడగవచ్చు. మన వైపు బోర్లలో కేసింగ్ పైపు గట్టి రాయి తగిలేదాకానే దింపుతారు, ఆ కింద బోరు తెరిచే ఉంటుంది. పైపు అడుగు రాతిలో సరిగా కూర్చోకపోయినా, చుట్టూ సిమెంటు పోయకపోయినా, పై పొరల నీళ్ళు పైపు వెంటే జారి లోపలికి దిగుతాయి. బోరు లోతును బట్టి నీళ్ళు శుభ్రమని అనుకోవడం పెద్ద పొరపాటు. ఇది మీ ఒక్క లేఅవుట్ గొడవ కాదు. కేంద్ర భూగర్భ జల మండలి 2024 నివేదికలో దేశమంతటి నమూనాల్లో దాదాపు 20 శాతం నైట్రేట్ పరిమితిని, 9 శాతం ఫ్లోరైడ్ పరిమితిని దాటాయి.

పుట్టబోయే బిడ్డ సంగతికి వస్తున్నాను. నైట్రేట్ పొట్టలో నైట్రైట్‌గా మారి రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పాడుచేస్తుంది, అది ఆక్సిజన్‌ను మోయలేకపోతుంది. పెద్దల శరీరం దీన్ని సరిదిద్దుకుంటుంది. ఆరు నెలల లోపు పసిబిడ్డకు ఆ శక్తి చాలదు. పెదవులు, గోళ్ళు నీలంగా మారతాయి. 1945లో అమెరికాలోని అయోవా పల్లెల్లో హంటర్ కామ్లీ అనే వైద్యుడు బావి నీళ్ళతో పాలు కలిపి పట్టిన పసిపిల్లల్లో దీన్ని గుర్తించి రాశాడు. ఆ బావుల పక్కనే పశువుల కొట్టాలూ మరుగుదొడ్లూ ఉండేవి. మీ లేఅవుట్‌లో ఇప్పుడున్న పరిస్థితీ అదే.

ఇక్కడ మన ఇళ్ళలో జరిగే ఒక పొరపాటు చెప్పాలి. పసిబిడ్డకు కదా అని నీళ్ళు బాగా మరిగిస్తాం. క్రిములు చస్తాయి, నిజమే. నైట్రేట్ చావదు, ఆవిరీ కాదు. నీళ్ళు మరిగి ఇగిరేకొద్దీ మిగిలిన నీటిలో దాని మోతాదు పెరుగుతుంది. ఫ్లోరైడ్ కూడా అంతే. శ్రద్ధ ఎక్కువై ఇరవై నిమిషాలు మరిగించే తల్లి తెలియకుండానే బిడ్డకు ఎక్కువ నైట్రేట్ పడుతోందన్నమాట. మీకు దీనికి ఒక సులువైన దారి ఉంది: ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప ఇంకేమీ వద్దు. ఎండాకాలమైనా చెంచాడు నీళ్ళు కూడా అక్కర్లేదు. తల్లి తాగిన నీళ్ళలోని నైట్రేట్ గాని, ఫ్లోరైడ్ గాని పాలలోకి చెప్పుకోదగినంతగా రావు. ఏ కారణం వల్లనైనా డబ్బా పాలు పట్టాల్సి వస్తే కావేరి నీళ్ళు, లేదా పరీక్షలో నైట్రేట్ 45 లోపు తేలిన నీళ్ళు మాత్రమే వాడండి. మీరు కూడా నెలలు నిండేకొద్దీ ఈ నీళ్ళకు దూరంగా ఉండటమే మంచిది. ఈసారి వెళ్ళినప్పుడు మీ డాక్టరుకు నివేదిక చూపించండి.

ఇదే సందర్భంలో మరొకటి. కొన్ని ప్రయోగశాలలు నైట్రేట్ అని కాకుండా ‘నైట్రోజన్‌గా’ లెక్కించి రాస్తాయి. అప్పుడు పరిమితి 45 కాదు, సుమారు 10. ఒకసారి ఒక చిన్నపిల్ల తండ్రి 22 అన్న అంకె చూపించి, 45లో సగమే కదా అని సంతోషంగా నా దగ్గరికి వచ్చాడు. అది నైట్రోజన్ లెక్క. 4.43తో గుణిస్తే సరిగ్గా మీ నీళ్ళంత, 98 దాకా. పాప వయసు నాలుగు నెలలు. ఆయన ముఖం ఇప్పటికీ గుర్తుంది. అంకె పక్కన సన్న అక్షరాల్లో ఏముందో ఎప్పుడూ చదవండి.

ఇక అత్తగారి ఊరి నీళ్ళు. కాఠిన్యం 120, నైట్రేట్ 12, రెండూ బాగున్నాయి. క్షారత (బైకార్బొనేట్ లాంటి క్షార లవణాల మోతాదు) 400, సోడియం 200, కాల్షియం 20 మాత్రమే. ఫ్లోరైడ్ 2.8. ప్రమాణం ప్రకారం 1.0 దాకా మంచిది, గతిలేకపోతే 1.5. ఇక్కడ ఆ 1.0కు దాదాపు మూడు రెట్లుంది. నన్ను అడిగితే ఫ్లోరైడ్ గడి చూడకుండానే మిగతా అంకెలు చూసి దాన్ని అనుమానించవచ్చు. మీ అత్తగారి పప్పు చూసి కూడా అనుమానించవచ్చు.

పప్పు ఉడకనప్పుడు మన అమ్మలు ఏం వేసేవారు? చిటికెడు వంటసోడా. గట్టి నీళ్ళలోని కాల్షియం పప్పు గింజను మెత్తబడనివ్వదు, సోడా దాని పట్టు విడిపిస్తుంది. ఆ వంటసోడా సోడియం బైకార్బొనేట్. మీ అత్తగారి ఊరి నీళ్ళలో ఉన్నదీ అదే, నేలే కలిపి ఇస్తోంది. బాగేపల్లి కింద ఉన్నవి గ్రానైటు, నైస్ (gneiss) అనే గట్టి రాళ్ళు. వాటిలోని అభ్రకంలో, ఇంకొన్ని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. రాతి పగుళ్ళలో నీళ్ళు ఏళ్ళ తరబడి నిలిచి, కాల్షియాన్ని సున్నపు గడ్డలుగా వదిలేసి, బదులుగా బంకమట్టి నుంచి సోడియాన్ని తీసుకుంటాయి. నీళ్ళలో కాల్షియం ఉన్నంతసేపు అది ఫ్లోరైడ్‌ను పట్టి కూర్చోబెడుతుంది, ఎక్కువ కరగనివ్వదు. ఆ కాపలా పోయాక ఫ్లోరైడ్‌కు అడ్డు లేదు. అందువల్ల మన రాతి నేలల్లో మెత్తగా, జారుడుగా, సబ్బు బాగా నురగ వచ్చే లోతు బోరు నీళ్ళు కనిపిస్తే ఫ్లోరైడ్ పరీక్ష చేయించనిదే నేను నోట పెట్టను. పక్కన చౌడు నేలలుంటే ఇంకా అనుమానం. చౌడును నమ్మని రైతే, అదే గుణమున్న నీళ్ళను తియ్యగా ఉన్నాయని ఇష్టంగా తాగుతున్నాడు.

ఒకప్పుడు ఆ ఊళ్ళలో తోడుబావులుండేవి. వాటిలో కొత్త వాననీళ్ళు, పై పొరల నీళ్ళు. క్రిములుంటే ఉండేవేమో గాని ఫ్లోరైడ్ తక్కువగా ఉండేది. బావులెండి వందల అడుగుల కిందికి వెళ్ళాక పాతకాలపు నీళ్ళు పైకి తోడుతున్నాం. కొత్త బోరులో నీళ్ళు పడ్డాయని కొబ్బరికాయ కొట్టిన రోజున ఆ నీళ్ళను పరీక్షకు పంపే ఊరు ఇంకా అరుదుగానే ఉంది. నాకు బాధ కలిగించేది అదే.

మీవారి పళ్ళ మాట. ఉత్తరం చివర్లో చేర్చిన ఆ రెండు వాక్యాలే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించాయి. అవి గార కాదు, తోముకుంటే పోవు. పుట్టినప్పటి నుంచి ఎనిమిదేళ్ళ లోపు, చిగురు లోపల పన్ను పింగాణి తయారయ్యే కాలంలో తాగిన ఫ్లోరైడ్ వల్ల పడే అడ్డచారలు అవి కావచ్చు. అప్పుడు పడ్డ మచ్చ జీవితాంతం ఉంటుంది. పెద్దయ్యాక ఆ ఊరికి కోడలుగా వచ్చినవారికి ఆ చారలు రావు, అందుకే మీ అత్తగారి పళ్ళు బాగుండవచ్చు. ఆమె పుట్టిల్లు వేరే ఊరా అని అడిగి చూడండి. దంతవైద్యుడు చూసి నిర్ధారించాలి. కానీ మీవారి ఈడు వాళ్ళలో, అదే వీధి పిల్లల్లో కూడా ఆ చారలుంటే ఆ నీళ్ళ చరిత్ర ఆ పళ్ళ మీదే రాసి ఉన్నట్టు.

మామగారి మెడ గురించి నేను ఇక్కడ కూర్చుని తేల్చలేను. వయసు వల్ల మెడ పట్టేయవచ్చు. అయినా ఆయన్ను మూడు పనులు చేయమనండి: మోకాళ్ళు వంచకుండా కాలి వేళ్ళు తాకడం, గడ్డం రొమ్ముకు ఆనించడం, రెండు చేతులూ తల వెనక్కి చేర్చడం. ఇవి చేయలేకపోతే ఎముకల వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళి, నీళ్ళలో ఫ్లోరైడ్ 2.8 అన్న నివేదిక ముందు బల్లమీద పెట్టండి. ముంజేతి ఎక్స్‌రే, మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష చేయించమని అడగండి. చెప్పకపోతే చాలామంది వైద్యులు కీళ్ళవాతమనే మందులిచ్చి పంపుతారు. ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకునే ఈ ఫ్లోరోసిస్ తెలుగువాళ్ళకు కొత్త జబ్బు కాదు. మన దేశంలో తొలిసారి దీన్ని వైద్య పత్రికలో నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. వంగిపోయిన వెన్నులు, కదలని మెడలు. గట్టిపడిన ఎముకను వెనక్కి మార్చే మందు అప్పుడు లేదు, ఇప్పుడూ లేదు. నీళ్ళు మారిస్తే జబ్బు అక్కడితో ముదరకుండా ఆగుతుంది, నొప్పులు చాలామందికి తగ్గుతాయి. కాబట్టి ఈ నెలే మార్చండి.

హోసకోటెలో ఏం చేయాలి? తాగడానికి, వంటకు ఆర్‌వో ఫిల్టరు తప్పదు. ఆ అమ్మకందారు చెప్పిన కారణం తప్పు, చెప్పిన వస్తువు మీ ఇంటికి మాత్రం పనికొస్తుంది. వేరే చోట కొనండి. మీ నీళ్ళకు కారణం నైట్రేట్, దాన్ని మామూలు కొవ్వొత్తి ఫిల్టరు గాని, యూవీ దీపం గాని తీయలేవు. బిగించేటప్పుడు దగ్గరుండి చూడండి. చాలా యంత్రాల్లో టీడీఎస్ సరిచేసే చిన్న మర ఉంటుంది. రుచి కోసమనీ, ఖనిజాలు ఉండాలనీ చెప్పి మెకానిక్ దాన్ని తిప్పుతాడు. అది చేసేదల్లా శుద్ధి కాని నీళ్ళను పక్క దారిన తెచ్చి శుద్ధమైన నీటిలో కలపడం. సగానికి సగం కలిస్తే ఆ దారినే 49 నైట్రేట్ వచ్చేస్తుంది, పరిమితి అక్కడే దాటిపోయింది. దాన్ని పూర్తిగా మూయించండి. ఖనిజాలు పాలలో, రాగుల్లో, ఆకుకూరల్లో దొరుకుతాయి. ఆర్‌వో పొర నైట్రేట్‌ను తక్కిన లవణాలంత బాగా ఆపలేదు, పాతబడేకొద్దీ ఇంకా వదిలేస్తుంది. అందువల్ల పెన్ను మీటరు చూపే అంకెతో తృప్తిపడకుండా ఆరు నెలలకోసారి ఫిల్టరు తర్వాతి నీళ్ళలో నైట్రేట్ పరీక్ష చేయించండి. ఫిల్టరు శుద్ధి చేయకుండా బయటికి వదిలేసే నీళ్ళను బకెట్‌లో పట్టి నేల తుడవడానికి, మరుగుదొడ్డికి వాడుకోవచ్చు.

స్నానానికి, బట్టలకు ఫిల్టరు అక్కర్లేదు, నైట్రేట్ చర్మం గుండా లోపలికి పోదు. గార మరీ విసిగిస్తే మృదుజల యంత్రం పెట్టుకోవచ్చు, కానీ అది కాల్షియాన్ని తీసి సోడియాన్ని పెట్టే యంత్రమేనని గుర్తుంచుకోండి. మీ నీళ్ళకు లీటరుకు 190 మిల్లీగ్రాముల దాకా కొత్త సోడియం చేరుతుంది. రక్తపోటున్న వాళ్ళు ఆ నీళ్ళు తాగకూడదు, మొక్కలకూ పోయకూడదు. నైట్రేట్, ఫ్లోరైడ్ దాని పని కాదు.

నీళ్ళలోకి మురుగు చేరుతోందంటే క్రిములూ చేరవచ్చు. మీ నివేదికలో ఆ పరీక్షే లేదు. ప్రయోగశాల ఇచ్చే శుభ్రపరిచిన సీసాలోనే పట్టి, ఐసులో పెట్టి, అదే రోజు ఇవ్వండి. మలం నుంచి వచ్చే ఈ-కోలై అనే క్రిమి 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా కనిపించకూడదు. వాన పడిన వారంలో పరీక్షిస్తే అసలు సంగతి తెలుస్తుంది. లేఅవుట్ సంఘం సమావేశంలో ఈ నివేదిక చదివి వినిపించండి. బోరు చుట్టూ సిమెంటు కట్టించడం, దగ్గరి గుంతలను దూరం జరపడం, వాననీటి ఇంకుడు గుంతను మురుగు గుంత పక్కన తవ్వకుండా చూడటం, ఇవి ఒక్క ఇంటివాళ్ళు చేయగలిగిన పనులు కావు. 2024 అక్టోబరులో బెంగళూరు కావేరి నీటి పథకం అయిదో దశ మొదలైనా అది నగరంలో 2007లో కలిసిన 110 గ్రామాల కోసం. హోసకోటె దాటిన మీరు దానికోసం ఎదురుచూస్తూ కూర్చోలేరు.

ఊళ్ళో పెద్దవాళ్ళిద్దరికీ రెండు దారులున్నాయి. పంచాయతీ శుద్ధ నీటి కేంద్రం ఉంటే ఆ నీళ్ళు తాగడానికే కాదు, వంటకూ వాడాలి. క్యాను నీళ్ళు తాగుతూ సంకటి మాత్రం బోరు నీళ్ళతో కలిపే ఇళ్ళే ఎక్కువ. అన్నం, సంకటి, పప్పు పీల్చుకున్న నీళ్ళతో పాటే ఫ్లోరైడ్ కూడా కడుపులోకి వెళుతుంది. ఆ కేంద్రం నీళ్ళను కూడా ఒకసారి పరీక్షించండి, పొర మార్చి ఎన్నాళ్ళయిందో ఎవరూ చెప్పరు.

రెండో దారి నాకు ఎక్కువ ఇష్టం: వాననీళ్ళు. వాటిలో ఫ్లోరైడ్ ఉండదు. మీ ఊరి ఇంటి మిద్దె 600 చదరపు అడుగులుందనుకుంటే, ఏడాదికి 600 మిల్లీమీటర్లు కురిసినా, పోయింది పోగా 26,000 లీటర్లు పట్టవచ్చు. ఇద్దరి తాగునీటికీ వంటకీ రోజుకు 15 లీటర్ల చొప్పున ఏడాదికి 5,500 చాలు. మూత ఉన్న 6,000 లీటర్ల తొట్టి, తొలి వాన మురికిని బయటికి వదిలే గొట్టం, ఇసుక వడపోత, దోమ చొరని జాలీ, తాగేముందు ఒక్క పొంగు వచ్చేలా కాచడం. ఇక్కడ మరిగించడం పనికొస్తుంది, తీయాల్సింది క్రిములనే కాబట్టి. మిద్దె మీద మిరపకాయలు ఎండబెట్టే అలవాటుంటే వాన నెలల్లో మానేయమని అత్తగారికి చెప్పండి.

తిండి విషయం. కాల్షియం, సి విటమిన్ ఉన్న ఆహారం ఫ్లోరైడ్ కీడును కొంత తగ్గిస్తుంది. రాగి సంకటి, పాలు, మునగాకు, ఉసిరికాయ ఆ ఇంట్లో ఉన్నవే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2002లో ప్రచురించిన అధ్యయనంలో, రోజూ చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఎక్కువ ఫ్లోరైడ్ బయటికి పోయింది. చింతపండు చారు మానక్కర్లేదు, కానీ దాన్నే మందనుకుని బోరు నీళ్ళు తాగుతూ ఉండకూడదు. నల్ల ఉప్పు, పాలు లేని చిక్కటి టీ తగ్గించాలి, వాటిలోనూ ఫ్లోరైడ్ ఉంటుంది.

ఊరి బోరుకు ఇంకొక్క పరీక్ష చేయించమంటాను: యురేనియం. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు తూర్పు కర్ణాటక పల్లెల బోరు నీళ్ళలో చాలాచోట్ల లీటరుకు 30 మైక్రోగ్రాముల పరిమితిని మించి దాన్ని కనుగొన్నారు. అదీ గ్రానైటు నుంచే వస్తుంది, బైకార్బొనేట్ ఎక్కువున్న నీళ్ళలోనే బాగా కరుగుతుంది. ఉంటే కంగారు పడకండి, వాననీళ్ళకు మారితే అదీ తప్పుతుంది. ఫ్లోరైడ్, నైట్రేట్ పరీక్షలకు జిల్లా కేంద్రంలోని గ్రామీణ తాగునీటి విభాగం ప్రయోగశాలకు వెళ్ళండి. జల జీవన్ మిషన్ కింద ఆ ప్రయోగశాలల్లో సాధారణ ప్రజల నీళ్ళు కూడా నామమాత్రపు రుసుముతో పరీక్షిస్తారు.

మిగిలింది అత్తగారితో మాట్లాడటం. ‘మీ నీళ్ళు మంచివి కావు’ అని ఫోనులో చెప్పకండి. నలభై ఏళ్ళు ఆ నీళ్ళతో వండి పెట్టి, పిల్లల్ని పెంచిన మనిషి ఆమె. కోడలి కోసం నీళ్ళు మోసి పంపిస్తానన్నది ప్రేమతోనే. మీవారినే ఊరికి పంపండి. ఆయన ఆమె పక్కన కూర్చుని, తన పళ్ళు చూపించి, ఇది ఎవరి తప్పూ కాదు, బోరు వేసినవాళ్ళు కూడా చెప్పలేదు అని చెబితే ఆమె వింటారు. నీళ్ళ బదులు రాగులు, మునగాకు, ఉసిరికాయలు పంపమనండి. మీవారు వెళ్ళిన రోజే మిద్దె కొలతలు తీసుకుని రావాలి. తొలకరి వానలు రాకముందే తొట్టి కట్టించాలంటే మేస్త్రీతో ఇప్పుడే మాట్లాడుకోవాలి.

ఫిల్టరు బిగించిన వారం తర్వాత మళ్ళీ పరీక్షకు ఇస్తారు కదా, రెండు సీసాలు ఇవ్వండి. ఒకదాని మీద ‘బోరు’ అనీ, రెండోదాని మీద ‘ఫిల్టరు తర్వాత’ అనీ, తేదీతో సహా రాయండి. ఆ రెండు నివేదికలూ నాకు పంపితే చూసి చెబుతాను.